వెనుకకాళ్లు పడిన కుక్కను సాకుట

(మన సంఘ మందిరమున జరిగిన ఆదివారపు సభలో, చెన్నపట్టణమున మిరప, చింతపండు వర్తకము చేయు మన కార్యవర్గ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠము)



ఈ నెల సభలో నన్ను జీయస్టీ లెక్కలను గూర్చి మాట్లాడవలసినదిగా కార్యదర్శిగారు కోరియుండిరి. ఆ విషయమున నాకంటె మా గుమాస్తాకు తెలిసినది ఎక్కువ. కావున వారి అనుమతితో వేరొక విషయము నెత్తుకొనుచున్నాను. వెనుకకాళ్లు పడిపోయిన కుక్కను ఇంట నుంచుకొని ఎట్లు సాకవలెనన్నది ఆ విషయము. వెనుక వరుసలో కొందరు నవ్వుకొనుట నాకు కనబడుచున్నది. నవ్వుడు, తప్పులేదు. కొన్నేండ్ల క్రిందట ఎవరైన ఈ వేదికపై ఇట్టి ప్రసంగము చేసియుండినచో నేనును ఆ వెనుక వరుసలోనే కూర్చుండి నవ్వియుందును.

ఇప్పుడే ఎందుకనగా, గత మాసమున మన వీధులలో ఒక గుడి వెలుపల, చెప్పులు విడుచు చోట, ఒక తెల్లని పొమరేనియను కుక్క కట్టివేయబడి యుండెను. వెనుకభాగము నేల కంటుకొని యున్నది. ముందుకాళ్లతో లేచుటకు యత్నించుచు, లేవలేక, దారిని పోవు ప్రతివాని ముఖమును చూచుచుండెను. మెడకు మంచి పట్టీ యున్నది. బొచ్చు దువ్వియున్నది. ప్రక్కన ఒక స్టీలు గిన్నెలో పాలన్నము పెట్టియున్నది. పెట్టినవారికి దానిపై ప్రేమ లేదని నేననలేను. ఆ గిన్నె అంచున మన యిండ్లలో చెక్కించుకొను విధముగనే పేరు చెక్కియుండెను. తెలుగు అక్షరములలో! ఆ పేరు నేను చెప్పను, చెప్పబోను. కాని ఆ అక్షరములు చూచిన నాటినుండి ఈ నాలుగు మాటలు మనవారికి చెప్పవలెనని నా మనస్సు కొట్టుకొనుచున్నది.

రోగముతో నున్న జంతువును ఆకలిదప్పులకు వదలివేయుట నేరమని 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము చెప్పుచున్నది. రాజ్యసభలో ఆ విషయమునకై పాటుపడినది మన పట్టణమువారే యైన రుక్మిణీదేవి అరండేల్ గారు. 1962లో జంతు సంక్షేమ మండలి యేర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షురాలును ఆమెయే. ఆ మండలి కార్యాలయము 2018 వరకు ఈ చెన్నపట్టణముననే ఉండెను. ఆ చట్టము మొదటి తప్పునకు విధించిన జరిమానా 50 రూపాయలకు మించలేదు. మా అంగడిలో అరకిలో మిరపకాయలకును చాలని సొమ్ము! కావున జరిమానాకు భయపడి ఎవరును ఏమియు చేయరు. నేను చెప్పవచ్చినది చట్టము కాదు. ఆ గిన్నె పెట్టినవారికి ఏమి చేయవలెనో తెలియక అట్లు చేసిరని నా నమ్మకము. నాకును తెలియలేదు కనుక.

ఇక మా మణి సంగతి. కొత్తవాల్ చావడి కూరగాయల అంగళ్లు 1996లో కోయంబేడునకు తరలిపోయినను, మావంటి మిరప, పప్పు వర్తకులము ఆ వీధులనే పట్టుకొని యున్నాము. మణి ఆ వీధిలో పుట్టిన నాటుకుక్క. మా కూలీలు పెట్టిన పేరది. అరవదేశమున వీధి కొక మణి యుండును. పగలెల్ల బస్తాల నడుమ నిద్రించుట, రాత్రి అంగడి మెట్లపై కావలి యుండుట వాని ఉద్యోగము. జీతము ఉదయము రెండు బన్నులు, రాత్రి మా యింటి అన్నము. అయిదేండ్లలో మా అంగడి తలుపు దగ్గరకు పరాయివాడు రాత్రివేళ వచ్చినది లేదు. అయినను వానిని నేను చేతితో నిమిరిన జ్ఞాపకము లేదు. మా యింట ఆచారము హెచ్చు. కుక్క నడవ దాటి లోపలికి వచ్చినచో నీళ్లు చల్లించువాడను నేనే.

2021 నవంబరులో కురిసిన వానలు మీకందరకు జ్ఞాపకముండును. ఆ వానలో, మోకాలిలోతు నీటిలో, ఒక సరకుల బండి వెనుకకు వచ్చుచు మణి నడుముపై నెక్కినది. బండివాడు ఆగలేదు. కూలీలు వానిని పట్టుకొని లాగిరి. మొదటి తప్పు అక్కడనే జరిగినది. వెన్ను దెబ్బతిన్న జంతువును కాళ్లు పట్టి లాగరాదు, చంకలో ఎత్తరాదు. ఒక పలకనో, పెట్టెమూతనో ప్రక్కన పెట్టి, వెన్ను వంగకుండ మెల్లగ దానిపైకి జరిపి, గుడ్డతో పలకకు కట్టి మోయవలెను. ఎంత సాధువైన కుక్కయైనను ఆ బాధలో కరచును. మూతికి మెత్తని గుడ్డ కట్టుట మంచిది. ఊపిరి ఆడకపోయినను, వాంతి వచ్చుచున్నను కట్టరాదు. ఎవరినైన కరచినచో గాయమును సబ్బుతో, పారునీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము చేయక పిచ్చికుక్క కాటు సూదులు వేయించుకొనవలెను. మా కూలీ ఒకనిని మణి కరచినాడు. సూదులు వేయించితిమి. ఏ అపాయమును కలుగలేదు.

మొదట చూపించిన వైద్యుడు బల్లపై నున్న కుక్కను ముట్టకయే, "నడుము విరిగింది, సూది వేయించండి, లేదా తీసుకుపొండి" అనెను. వానిని నిందింపను. ఆ వానలో అతని గదిలోను నీరు నిలిచియుండెను. తీసుకొని వచ్చితిమి. ఆనాటి రాత్రి నేను కూలీలతో చెప్పిన మాట ఈ సభలో ఒప్పుకొనుచున్నాను: "తెల్లవారగానే గోనెలో వేసి కాశిమేడు రేవు దగ్గర వదలి రండి. చేపలున్న చోట తిండికి కొదువ లేదు." చంపుడని చెప్పలేదు. చంపుడని చెప్పుటకు నోరు రానివారము చెప్పు మాటయే అది.

మా అమ్మ నడవలో కూర్చుండి విన్నది. "మీ నాయన పడినప్పుడు ఎక్కడ వదిలిపెట్టామురా?" అన్నది. అంతకంటె ఏమియు అనలేదు. లేచిపోయి, తన పాత చీరలతో కుట్టిన బొంత నొకదానిని తెచ్చి, నడవలో పరచినది. నీళ్లు చల్లించు ఆ నడవలోనే!

మరునాడు వేపేరిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసికొనిపోతిమి. 1903లో స్థాపింపబడిన కళాశాల అది. మన తాతముత్తాతలు బండియెద్దులను చూపుకొన్న చోటు. అచ్చట ఒక చిన్నవయసు వైద్యురాలు నాకు ఒక విషయము బోధపరచెను. అది మీరందరును తెలిసికొనదగినది.

ఆమె మణి వెనుకకాలి వ్రేలిని పటకారువంటి దానితో గట్టిగ నొక్కెను. కాలు చటుక్కున ముడుచుకొన్నది. నేను సంతోషించి, "అమ్మా, కాలు కదలినది!" అంటిని. ఆమె తల యూపెను. కాలు ముడుచుకొనుట వెన్నుపాము క్రిందిభాగము తనంతట తాను చేయు పనియట. మెదడుతో సంబంధము తెగినను ఆ పని జరుగుచుండును. కుక్క తల త్రిప్పి చూడవలెను, మూలుగవలెను, కరవబోవలెను. అప్పుడే ఆ నొప్పి వార్త మెదడునకు చేరినట్లు. ఆ లోతైన నొప్పి తెలియుచున్నచో కాళ్లు తిరిగి వచ్చుటకు మంచి అవకాశమున్నది. తెలియనిచో, అందులోను బండి దెబ్బకు వెన్ను విరిగినదైనచో, ఆశ బహు స్వల్పము. మణి తల త్రిప్పలేదు. కాలు నొక్కుచుండగా వాడు నా ముఖమును చూచుచు తోక కదలింపబోయినాడు. తోక కదలలేదు.

ఎక్సురేలో చివరి ప్రక్కటెముక దగ్గర వెన్నుపూస యొకటి విరిగియున్నది. "ఇతడు నడవడు. కాని ఎముక అతికిన తరువాత బాధ ఉండదు. తింటాడు, మొరుగుతాడు, మిమ్మల్ని గుర్తుపడతాడు. చూచుకొనేవారుంటే బ్రతుకుతాడు," అని ఆమె చెప్పెను. ఆరు వారములు చిన్న చోట కదలనీయక ఉంచుడనెను.

కాళ్లు పడుటకు బండి దెబ్బ యొకటే కారణము కాదు. డాక్సుహుండు వంటి పొడుగు నడుము, పొట్టికాళ్ల కుక్కలలోను, ఒక్కొక్కప్పుడు పొమరేనియనులలోను, వెన్నుపూసల నడిమి మెత్తని బిళ్ల జారి నరమును నొక్కును. సోఫామీదినుండి దుమికిన మరుక్షణమున కాళ్లు పడిన కుక్కలున్నవి. పిల్లప్పుడు టీకాలు వేయింపని కుక్కలకు డిస్టెంపరు అను జాడ్యము తగిలి, జ్వరము, దగ్గు తగ్గిన కొన్ని వారములకు కాళ్లు అదురుట, పడుట జరుగును. ముసలి జర్మను షెపర్డులలో నొప్పి లేకయే నెలల తరబడి మెల్లమెల్లగ నడుము పట్టుతప్పు వ్యాధి కలదు. కన్నులకన్నిటికి ఒకే తీరుగ కనబడును. మందు మాత్రము వేరు. బిళ్ల జారినదైనచో గంటలకు విలువ కలదు. నొప్పి తెలియని స్థితిలో నున్న కుక్కలకు సైతము వెంటనే శస్త్రచికిత్స చేసినచో ఇంచుమించు సగము లేచి నడచునట. కావున కాళ్లు పడిన దినమే వైద్యునికి చూపవలెను. "రెండు నాళ్లు చూద్దాము" అనుట మన వర్తకమున చెల్లును, ఇక్కడ చెల్లదు. మన ఇంటిలోని నొప్పిమాత్రలు, పారసిటమాలు, ఐబుప్రొఫెను మున్నగునవి కుక్కకు వేయవలదు. వానికి విషమగును. ఒక వైద్యుడిచ్చిన మందు వాడుచు వేరొకని యొద్దకు పోయినచో ఆ చీటీ చూపుడు. స్టెరాయిడును, వాపు తగ్గించు ఇతర మందులను కలిపి యిచ్చినచో కడుపులో పుండ్లు పడును.

ఇంటికి వచ్చిన తరువాత మొదటి వారమున నేను చేసిన పొరపాటు వినుడు. బొంత ఎప్పుడు చూచినను తడిసియుండెను. మూత్రము పోవుచున్నది గదా, ఒక చింత తీరినదనుకొంటిని. అయిదవనాడు ఆ తడిలో ఎఱ్ఱదనము కనబడినది, దుర్వాసన పుట్టినది, మణి అన్నము ముట్టలేదు. మరల వేపేరికి పరుగెత్తితిమి. కుండ నిండి పొరలిపోవు నీటిని చూచి కుండ ఖాళీ యైనదని భ్రమపడితినని అప్పుడు తెలిసెను. నడుము పడిన కుక్క మూత్రాశయము తనంతట ఖాళీ కాదు. నిండి, సాగి, అంచుదాటి చుక్కలు చుక్కలుగ కారును. లోపల మురిగినది చీము పట్టును, మూత్రపిండములు చెడును. ఇట్టి కుక్కలలో అనేకము చచ్చునది కాళ్లవలన కాదు, ఈ మూత్రమువలన.

అందుచేత దినమునకు మూడు నాలుగు పర్యాయములు, ఆరు మొదలు ఎనిమిది గంటల కొకసారి, చేతితో నొక్కి తీయింపవలెను. పుస్తకము చదివి నేర్చునది కాదు. వైద్యుని చేతిపై మీ చేయి పెట్టి నేర్వవలెను. అయినను చెప్పుచున్నాను. కుక్కను ప్రక్కకు పరుండబెట్టిగాని, ఒకరు నడుమెత్తి పట్టుకొని నిలబెట్టిగాని, వెనుకకాళ్లకు ముందు పొట్ట క్రిందిభాగమును రెండు ప్రక్కలనుండి అరచేతులతో తడుముడు. నిండిన మూత్రాశయము నీరు నింపిన బుడగవలె, నిమ్మకాయంతనో, బత్తాయంతనో తగులును. వ్రేళ్లతో పొడువక, అరచేతులతో నిదానముగ, వెనుకవైపునకు, ఎడతెగకుండ నొక్కవలెను. ధార వచ్చినపుడు వదలక, తగ్గువరకు అదే పట్టున నుండవలెను. రాకున్నచో బలము చేయరాదు, పగులును. కొన్ని కుక్కలకు మొదట ద్వారము బిగిసికొని యుండును; దానిని వదులు చేయు మందు వైద్యులిత్తురు. మూత్రము మబ్బుగ నున్నను, నెత్తురు కలిసినను, కంపు హెచ్చినను ఆనాడే చూపవలెను. పొరలిపోవుచున్నదని నీళ్లు తగ్గించువారున్నారు. అది పెద్ద తప్పు. నీళ్లు ఎప్పుడును ఎదుట నుండవలెను.

విరేచనమునకు అంత శ్రమ లేదు. భోజనమైన కొంతసేపటికి గోరువెచ్చని తడిగుడ్డతో తోక క్రింద తుడిచినచో చాలవరకు వచ్చును. రెండు దినములు రాకున్నచో వైద్యునితో చెప్పుడు. మా మణికి ఉడికించిన గుమ్మడికాయ కొంచెము అన్నములో కలిపి పెట్టుదుము. ఉల్లిపాయ తగిలిన కూర మాత్రము పెట్టము. అది కుక్క నెత్తురునకు చెరుపు. మా యింటి సాంబారుపై మణికి గల ప్రీతి నేను ఎరుగుదును, అయినను అది మాన్పించితిమి.

ఈ మూత్రము తీయించు పని మొదటి వారము మా కూలీచేత చేయింపబోతిని. వానికి సరిగా పట్టుపడలేదు. అమ్మ చూచి, తన చేతులు కడుగుకొని వచ్చి, డెబ్బదియైదేండ్ల వయసున నేలపై చతికిలబడి, వైద్యురాలు ఒక్కసారి చూపగా పట్టు పట్టినది. ఆమెకు అంత త్వరగ ఎట్లు వచ్చినదని నేను ఆశ్చర్యపడితిని. ఆ పిదప ప్రక్క మార్చు వేళ నాకు సంగతి తెలిసినది.

మీలో పెద్దలకు మా నాయనగారు జ్ఞాపకముండును. 2008వ సంవత్సరమున వారికి పక్షవాతము వచ్చి, పదునాలుగు నెలలు మంచముపై నుండిరి. ఆ పదునాలుగు నెలలు నేను వర్తకము చూచుకొంటిని. మంచి వైద్యులను పెట్టితిని, మందులకు వెనుదీయలేదు, పగటికి ఒక మనిషిని పెట్టితిని. ఉదయము అంగడికి పోవునప్పుడు గుమ్మములో నిలిచి, "నాయనా, ఎట్లున్నది?" అందును. రాత్రి వచ్చి మరల అదే మాట. ఇరుగుపొరుగువారు నన్ను మెచ్చుకొనిరి, నేను నమ్మితిని. రాత్రివేళ ఆయనను రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పినది ఎవరో నేను అడుగలేదు.

మణి వచ్చిన రెండవ వారమున, ఎడమ తుంటి ఎముకపై రూపాయి బిళ్లంత ఎఱ్ఱని మచ్చ కనబడినది. "పుండు కాబోతున్నది. నాలుగు గంటలకు మించి ఒక ప్రక్కన ఉంచకు. తుంటి, మోచేయి, చీలమండ, మూడు చోట్లా చేయిపెట్టి చూడు, వెచ్చగా ఉంటే అక్కడ పుండు లేస్తుంది," అని అమ్మ చెప్పెను. ఎట్లు తెలిసినదమ్మా అంటిని. "మీ నాయనకు ఒకటి లేచింది. మాన్పడానికి నాలుగు నెలలు పట్టింది. నీకు చెప్పలేదులే, అంగడి పనుల్లో ఉన్నావని," అన్నది.

ఆ మాట తరువాత రాత్రి పదకొండు గంటలకు, తెల్లవారుజామున మూడు గంటలకు మణి ప్రక్క మార్చు పని నేను తీసికొంటిని. ఎవరును తీసికొమ్మని చెప్పలేదు. అలారము పెట్టుకొని లేచువాడను. ఒక్కొక్క రాత్రి నేను లేచుసరికి అమ్మ గదిలో దీపము వెలుగుచుండెను. ఆమెయు ఆ వేళకే మేల్కొనునట. పదునాలుగు నెలల అలవాటు పోలేదట. ఇంతకంటె ఈ విషయమున నేను చెప్పలేను.

ప్రక్కబట్టను గూర్చి రెండు మాటలు. బొంత క్రింద మందపు స్పంజి పరపు, దానిపై రెగ్జిను, పైన మార్చుకొనదగిన నూలుబట్ట ఉండవలెను. వట్టి గోనెసంచి గరుకు, చర్మము లేచిపోవును. తడిసిన బొచ్చును వెంటనే గోరువెచ్చని నీటితో కడిగి, పూర్తిగా ఆర్చవలెను. మూత్రము తగిలి తగిలి తొడల లోపల చర్మము కాలినట్లగును. అచ్చటి బొచ్చు కత్తిరించి వాసెలైను రాయవచ్చును. పసిపిల్లలకు రాయు జింకు లేపనములు రాయవలదు, కుక్క నాకును, జింకు దానికి పడదు. వేసవిలో ఈగలే యమదూతలు. స్పర్శలేని చోట ఈగ గ్రుడ్లు పెట్టినను కుక్కకు తెలియదు, ఒక దినము చూడకున్న పురుగులు పట్టును. దినమునకు రెండుసార్లు తోక క్రింద, తొడల నడుమ వెలుతురులో చూడవలెను. పురుగులు పట్టినచో ఫినాయిలు, కిరసనాయిలు పోయువారున్నారు. అది పుండులో విషము పోయుట. వైద్యుని యొద్దకే పోవలెను.

కాళ్లు పనిచేయకున్నను వానిని పనిలో నుంచవలెను. కుక్కను ప్రక్కకు పరుండబెట్టి ఒక్కొక్క కాలిని సైకిలు త్రొక్కినట్లు మెల్లగ పది పదునైదు మారులు ఆడించి, వ్రేళ్లను ఒక్కొక్కటి చాచి ముడువవలెను. దినమునకు మూడుసార్లు. ఇది చేయకున్న కీళ్లు కట్టెబారి, తరువాత బండిలో కూర్చుండబెట్టుటయు కష్టమగును. వెన్ను విరిగినచో ఎప్పుడు మొదలు పెట్టవలెనో వైద్యుని అడిగి చేయుడు. ఆరు వారములు గడచిన పిదప మణి ముందుకాళ్లతో ఈడ్చుకొని నడవ అంతయు తిరుగజొచ్చెను. పాదముల పైభాగము గచ్చుపై ఒరసికొని నెత్తురు కారినది. మా అమ్మాయి తన బడి మేజోళ్లు తొడిగినది. అవి రెండు దినములలో చిరిగినవి, కాని ఉపాయము మంచిది. స్పర్శలేని వ్రేళ్లను తానే కొరికికొను కుక్కలును ఉన్నవి, కనిపెట్టి యుండవలెను.

చక్రములబండి మా వీధిలోని గొట్టముల మేస్త్రీచేత చేయించితిని. కొలతలు మూడు: భుజము వెనుకనుండి తోక మొదలువరకు పొడుగు, తుంటి వెడల్పు, నిలబెట్టినప్పుడు నేలనుండి గజ్జవరకు ఎత్తు. ముక్కాలంగుళము ప్లాస్టికు గొట్టములు, చిన్నపిల్లల సైకిలు చక్రములు రెండు, తొడలకు స్పంజి చుట్టిన రెండు వలయములు, రొమ్మునకు మెత్తని గుడ్డపట్టీ. మొదటి బండికి 1,400 రూపాయలైనది, అది పనికిరాలేదు. ఎత్తు రెండంగుళములు హెచ్చినందున మణి ముక్కుపై పడినాడు. నడుము వంగక, బరువంతయు ముందుకాళ్లపై పడక, పాదములు నేల నొరయక ఉండునట్లు సరిచేయించితిమి. మూడు దినములు బండిలో పెట్టినచో కదలక రాయివలె నిలిచినాడు. నాలుగవనాడు ఉదయము అంగడి షట్టరు ఎత్తిన చప్పుడు వినినాడు. అంతే! వీధిలో బస్తాల నడుమ చక్రములు దొరలించుకొనుచు పరుగు. "మొదలాళీ, మణి వందాచ్చు!" అని కూలీలు కేకలు. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుండి ఏదో లెక్క చూచుచున్నట్లు తల వంచుకొంటిని.

బండిలో మొదట పదునైదు నిమిషములు చాలును. అందులో కుక్క పడుకొనలేదు కావున బండిలో పెట్టి పనిమీద పోరాదు. బరువు పెరుగనీయరాదు, ముందుకాళ్లే నాలుగు కాళ్ల పని చేయుచున్నవి.

వర్తకుడను గనుక ఖర్చును చెప్పెదను. మొదటి రెండు నెలలు వైద్యమునకు, ఎక్సురేలకు, మందులకు పదునెనిమిదివేలు దాటినది. ఆ తరువాత నెల కిన్ని మందులు, గుడ్డలు, సబ్బు కలిసి సుమారు 1,500 రూపాయలు. అసలు ఖర్చు సమయము. దినమునకు మొత్తము గంటన్నర. ఇంటిలో ఒక్కరే చేయునదైనచో ఆ మనిషి మూడు నెలలలో విసిగిపోవును. మా యింటిలో అమ్మ, నా భార్య, కుమార్తె, నేను పంచుకొంటిమి. ఊరికి పోవలసివచ్చినప్పుడు చూచుకొనువారు లేక నా భార్య తన పుట్టినింటి పెండ్లి యొకటి మానుకొన్నది. ఆమె ఆ సంగతి ఇప్పటికిని అప్పుడప్పుడు జ్ఞాపకము చేయుచుండును. అందులో న్యాయమున్నది.

ఎల్లప్పుడును సాకవలెననియు నేననను. నొప్పి తగ్గక మూలుగుచున్న కుక్క, తిండి మానిన కుక్క, ముందుకాళ్లకు గూడ వ్యాధి ప్రాకిన కుక్క, మానని పుండ్లతో కుళ్లుచున్న కుక్క, వీనిని వైద్యుడు సూదితో నిద్రబుచ్చుట దయయే. అట్లు చేయించినవారిని ఎవరును వేలెత్తి చూపరాదు. చేయి దానిపై వేసి ప్రక్కన నిలిచినచో చాలును. గుడి గుమ్మమున కట్టి పోవుట మాత్రము దానితో సమానము కాదు.

ఆచారమును గూర్చి పెద్దలు కొందరు నన్నడిగిరి. కుక్కను ఇంట బెట్టుకొనుట తగునా అని. నేను పండితుడను కాను, యస్సెస్సెల్సీతో చదువు ముగించినవాడను. కాని స్వర్గద్వారమున కుక్కను విడిచి రథమెక్కనన్న ధర్మరాజు కథ మనమందరము ఎరిగినదే. అది భారతము చివరి కథ. మొదటను ఒక కుక్క కథయే యున్నదని మా తెలుగు మాస్టరుగారు చెప్పెడివారు. నన్నయగారి ఆదిపర్వమున, జనమేజయుని తమ్ములు యజ్ఞశాలయొద్ద ఆడుకొనుచున్న కుక్కపిల్లను ఊరక కొట్టుదురు. దాని తల్లి సరమ సరాసరి రాజు కొలువునకు వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని నిలదీయును. రాజునకు ఆ కుక్క మాట వలన కలిగిన భయము ఇంతింత కాదు. మన తెలుగు సాహిత్యము కుక్క అడిగిన ప్రశ్న దగ్గర మొదలైనదని మాస్టరుగారు నవ్వుచు అనెడివారు. అప్పుడు మేము పరీక్షకు వచ్చునా రాదా అని మాత్రమే చూచుకొంటిమి.

గుడియొద్ద దొరికిన పొమరేనియను సంగతి చెప్పక ముగింపరాదు. దానిని ఆనాడే వేపేరికి తీసికొనిపోతిని. వ్రేలు నొక్కగానే తల త్రిప్పి వైద్యురాలి చేతిని కరవబోయినది. నా యానందము చూచి ఆమె నవ్వెను. దానికి బిళ్ల జారినదట; నొప్పి తెలియుచున్నది కనుక శస్త్రచికిత్స లేకయే, మందులతో, ఆరు వారములు చిన్న బోనులో కదలనీయక ఉంచి చూడుమనెను. ఇప్పటికి అయిదు వారములైనది. నాలుగు దినముల క్రిందట తానే లేచి నిలిచినది. తూలుచున్నది, రెండడుగులకు కూలబడుచున్నది, కాని లేచుచున్నది. దానిని ఏమని పిలిచెడివారో మాకు తెలియదు. ఏ పేరు పెట్టి పిలిచినను చూడదు. గిన్నె చప్పుడైనచో మాత్రము చెవులు నిక్కించును.

ఆ గిన్నె తోమించి ఉంచితిమి. ఆ యింటివారు ఈ సభలో ఉన్నను, లేక మన పత్రికలో ఇది చదివినను, మా అంగడికి కాదు, మా యింటికి రావచ్చును. మధ్యాహ్నవేళ అమ్మ ఒక్కతెయే యుండును. ఆమె ఏమియు అడుగదు. కుక్కను తీసికొనిపోదురా, మూత్రము తీయించు పట్టు, ప్రక్క మార్చు పద్ధతి చూపించి పంపును. తీసికొనిపోలేని పరిస్థితి యున్నచో దాని పేరు మాత్రము చెప్పి పోవలెనని నా మనవి.

మణి మొదటి బండి సరిచేయించినది మా అటకపై నున్నది. పదునాలుగు పదునైదు కిలోల కుక్కకు సరిపోవును. కావలసినవారు తీసికొనిపోయి, పని తీరిన పిదప తెచ్చియిచ్చినచో చాలును. అద్దె లేదు.

గడియారమున ఎనిమిదిన్నర అయినది. మణికి మూత్రము తీయించు వేళ, ఈ వారము రాత్రి వంతు నాది. సెలవు తీసికొనుచున్నాను.